తొమ్మిదో జార్

2019 జనవరి 21, సోమవారం. నిజామాబాద్. ఉదయం పది గంటల ఐదు నిమిషాలు. హాజరైనవారు: పశ్చిమ తీరంలోని ఒక సముద్ర పరిశోధన సంస్థ నుంచి ప్రాజెక్టు ముఖ్య శాస్త్రవేత్త డాక్టర్ అంబిక, మా కాలేజీ సూక్ష్మజీవశాస్త్ర విభాగం నుంచి ప్రాజెక్టు అసిస్టెంట్ సుజాత, ల్యాబ్ అటెండర్ నర్సింలు, విభాగాధిపతిగా నేను.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. "అంబిక గారి వెంట ఎనిమిది సీసాలు పట్టే నీలం రంగు పెట్టె ఒకటి వచ్చింది." ఆ పెట్టె లోపల థర్మోకోల్ గూళ్లు, మంచు ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు. సాయంత్రం ముంబై వైపు వెళ్లే రైలు ఎక్కేలోపు దాన్ని మా షెల్ఫు మీది ఎనిమిది సీసాలతో నింపుకొని వెళ్లాలన్నది ఆమె వచ్చిన పని. ఆ సీసాలు వెళ్లిపోతే ప్రాజెక్టులో మా పేరు కూడా వాటితోపాటే వెళ్లిపోతుంది.

ఆ సీసాల్లో ఏముందో ముందు చెప్పాలి. సముద్రం మీద తేలుతూ బతికే ఒక సూక్ష్మజీవి ఉంది. పేరు ట్రైకోడెస్మియం. గాలిలోని నత్రజనిని పట్టి తనకు కావలసిన ఎరువుగా మార్చుకోగల శక్తి దానిది. సముద్రంలో నత్రజని కరువు కాబట్టి చుట్టుపక్కల జీవులు కూడా దీని సంపాదన మీద ఆధారపడతాయి. కంటికి కనిపించేంత కుచ్చులుగా పెరుగుతుంది. సీసాను వెలుతురుకు పెట్టి చూస్తే చెరకు పిప్పి పొడి నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. బోధన్‌లో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఆ పోలికే తోచింది.

ఇది ఒంటరిగా బతకదు. ఆ కుచ్చుల సందుల్లో వేరే బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. వాటిని పూర్తిగా వదిలిస్తే చాలాసార్లు అసలు జీవే నీరసించి చచ్చిపోతుంది. ఆ సహచరులు ఎవరెవరు, వాళ్లలో ఎవరు నిజంగా కలిసి బతికేవాళ్లు, ఎవరు దారిన పోతూ తగులుకున్నవాళ్లు అన్నది ప్రాజెక్టు ప్రశ్న. దీనికి జన్యుక్రమం చదవాలి. ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉండే ఒక జన్యువు ఇంటిపేరు లాంటిది. సీసాలోని డీఎన్ఏ మొత్తం తీసి, ఆ జన్యువును లక్షల ప్రతులు చేయించి, అక్షరం అక్షరం చదివిస్తే సీసాలో ఏ ఇంటివాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ప్రతులు తీసే చిన్న యంత్రం మా దగ్గర ఉంది గాని, చదివే యంత్రం లేదు. డీఎన్ఏ తీసి, శుద్ధి చేసి, హైదరాబాద్‌కు పంపేవరకు మా పని.

సముద్రానికి ఇంత దూరంలో ఈ పని ఎందుకు పెట్టారని చాలామంది అడిగారు. దూరమే కారణం. తీరంలో గాలిలో, కుళాయిలో, మనుషుల చేతుల మీద కూడా సముద్రపు బ్యాక్టీరియా ఉంటాయి. అక్కడ సీసాలో ఒక సముద్రజీవి కనిపిస్తే అది మొదటినుంచి ఉన్నదో, నిన్న కిటికీలోంచి వచ్చిందో చెప్పలేరు. నిజామాబాద్ గాలిలో వరి పొట్టు, పసుపు ధూళి ఉండవచ్చు గాని సముద్రం ఉండదు. ఇక్కడ ఏడాదిపాటు కృత్రిమ సముద్రజలంలో పెంచాక కూడా ఏ సహచరులు మిగులుతారో వాళ్లే అసలు కాపురస్థులు. రెండో కారణం, నా సర్వీసు మొత్తం నత్రజని జీవులతోనే గడిచింది. వరి మళ్లలో వేసే నీలి ఆకుపచ్చ నాచు, చెరకు గడ లోపల బతికే బ్యాక్టీరియా, రెండింటినీ పాతికేళ్లకు పైగా పెంచాను. అర్జీలో ఈ రెండు సంగతులూ రాసి, అంబిక గారి సంస్థను ఒప్పించి, సీసాలు తెప్పించుకున్నాను. జిల్లా కాలేజీకి అలాంటి పని రావడం చిన్న విషయం కాదు. ఆ గర్వాన్ని నేను దాచుకోలేదు, ఇప్పుడూ దాచుకోను.

సముద్రాన్ని మేమే తయారు చేసేవాళ్లం. మా బోరు నీళ్లు పనికిరావు, సున్నం ఎక్కువ. రెండుసార్లు ఆవిరి చేసి చల్లార్చిన నీళ్లలో లవణాలు ఒక్కొక్కటే తూచి కలిపి, వడపోసి, ఇరవై ఆరు డిగ్రీల అరలో ఉంచాలి. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. ఈ పనిలో నాకు కుడిభుజం నర్సింలు. వయసులో నాకంటే ఒక ఏడాది చిన్న. బోధన్ వైపు ఒక చక్కెర మిల్లు ల్యాబులో ముప్పై ఏళ్లు శాంపిల్ మనిషిగా చేసి, మిల్లు మూతబడ్డాక మా దగ్గర ఔట్‌సోర్సింగ్‌లో చేరారు. ఆయన చూసిన అతి పెద్ద నీళ్లు కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసేచోటు.

"మా ఇంటిది అడుగుతది మేడమ్, సముద్రం మొకం సూడనోళ్లు సముద్రం ఎట్ల చేస్తున్నరని," అన్నారొకసారి. "వంటల ఉప్పు ఎక్కువ ఏస్తవు గదా, నువ్వు సుత చెయ్యొచ్చు అన్న. రెండు రోజులు మాట్లాడలే."

సుజాత మోస్రా దగ్గరి వరి రైతుల బిడ్డ. మా కాలేజీలోనే ఎమ్మెస్సీ చేసింది. నర్సింలును కాకా అని పిలిచేది. ఆయన ఆమెను బిడ్డా అనేవారు. పని దగ్గర మాత్రం ఇద్దరికీ రోజూ ఏదో ఒక పేచీ.

2018 అక్టోబరు చివర్లో మొదటి విడత పని జరిగింది. పద్ధతి ఇది. ప్రతి సీసాలోంచి కొంత ద్రవం కొలత గీతలున్న జార్‌లోకి తీసి, సన్నని వడపోత కాగితం మీద పోసి, పంపుతో లాగుతారు. జీవులు కాగితం మీద మిగులుతాయి. ఆ కాగితంలోంచి డీఎన్ఏ తీస్తారు. ఎనిమిది సీసాలకు ఎనిమిది జార్లు. తొమ్మిదో జార్‌లో సీసా ద్రవం పోయరు. ఏ జీవీ లేని కొత్త కృత్రిమ సముద్రజలం పోసి, మిగతా ఎనిమిదింటికి చేసినదంతా దానికీ చేస్తారు. దీన్ని మేము ఖాళీ నమూనా అంటాం. చివర్లో అందులో ఏమీ రాకూడదు. వచ్చిందంటే మన చేతుల్లోంచో, రసాయనాల్లోంచో, గాలిలోంచో మురికి చేరిందని అర్థం. అప్పుడు మిగతా ఎనిమిది ఫలితాలను కూడా ఎవరూ నమ్మరు.

డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఫలితాలు వచ్చాయి. ఎనిమిది సీసాల్లోనూ సహచరులు చక్కగా కనిపించారు. తొమ్మిదో దానిలో కూడా వాళ్లే కనిపించారు.

అంబిక గారి లేఖ మర్యాదగానే ఉంది. ఖాళీ నమూనా విఫలమైనందున ఈ విడతను లెక్కలోకి తీసుకోలేమనీ, చెరకు బ్యాక్టీరియాను ఏళ్ల తరబడి పెంచిన గదిలో సముద్రజీవులను ఉంచడంపై తనకు మొదటినుంచీ సందేహం ఉందనీ, సీసాలను స్వయంగా వచ్చి తీసుకువెళతాననీ రాశారు. ఆమె స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని. నాకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసు ఉంది. సుజాత పీహెచ్‌డీ దరఖాస్తు ఈ సీసాల మీదే ఆధారపడి ఉంది.

రసాయనాలు మార్చి చూశాం. గాలిలోని సూక్ష్మజీవులను పట్టే ప్లేట్లు తెరిచి పెట్టి చూశాం. అంతా శుభ్రంగానే ఉంది. అక్టోబరు డైరీ తీసి ఆనాటి పేజీ పదిసార్లు చదివాను. "లేబుళ్లు: నేను. జార్లు నింపడం: నర్సింలు. వడపోత, పంపు: సుజాత. పదిన్నరకు మొదలు, పన్నెండు నలభైకి ముగింపు. కరెంటు పోలేదు." లోపం ఎక్కడుందో అందులో కనిపించలేదు.

దారి చూపింది సుజాత. అంబిక గారు రావడానికి ముందురోజు, ఆదివారం, ఇద్దరం ల్యాబులో కూర్చున్నాం. ఫలితాలను రంగుల పట్టీలుగా ప్రింటు తీయించి బల్ల మీద వరసగా పరిచింది. ఒక్కో రకం బ్యాక్టీరియాకు ఒక్కో రంగు. ఎంత ఉంటే రంగు అంత వెడల్పు. చీర అంచులను పక్కపక్కన పెట్టినట్టుంది. ఎనిమిది సీసాలదీ ఒకే కుటుంబమే అయినా, విడివిడిగా పెరిగినందువల్ల ఏ రెండు అంచులూ ఒక్కలా లేవు. ఒకదానిలో ఎరుపు ఎక్కువ, ఇంకోదానిలో ఆకుపచ్చ సన్నం.

చాలాసేపు చూసి, తొమ్మిదో కాగితాన్ని ఎనిమిదో దాని కిందికి జరిపింది.

"మేడమ్, గీ రెండు ఒక్క మగ్గం మీదియే," అంది.

నిజమే. డీఎన్ఏ మొత్తం చాలా తక్కువ, కాని రంగుల పాళ్లు అచ్చంగా ఎనిమిదో సీసావే. మిగతా ఏడింటిలో దేనితోనూ అంతగా కలవలేదు. మురికి గాలిలోంచి వస్తే ఇలా రాదు. ఎనిమిదో సీసా ద్రవం కొంచెం ఎలాగో తొమ్మిదో జార్‌లోకి చేరింది. ఎలా చేరిందన్నదే తేలాలి.

జార్లు నింపిన మనిషి ఆ రోజు ఊళ్లో లేరు. చందూర్‌లో అన్నగారింట్లో పసుపు ఉడకబెడుతున్నారని రెండు రోజులు సెలవు పెట్టారు. ఫోన్ చేద్దామా అని సుజాత అడిగింది. వద్దన్నాను. ఎలా చేశావని అడిగితే మనిషి ఎలా చేయాలో అది చెబుతాడు. చేసి చూపించమంటే చేతులు ఎలా చేస్తాయో అది కనిపిస్తుంది. ఇంటర్ విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్షలు ముప్పై ఏళ్లు చేయించినవాళ్లకు ఇది తెలుసు.

సోమవారం ఉదయం నర్సింలు తిన్నగా బస్టాండ్ నుంచి వచ్చారు. రెండు చేతులూ మణికట్టు దాకా పసుపు. సబ్బుతో ఎంత తోమినా గోళ్ల సందుల్లోది పోలేదు. అంబిక గారు ఆ చేతుల వైపు చూడడం నేను గమనించాను. ఆయన చేతి తొడుగులు వేసుకున్నాక ఆమె చూపు తిప్పుకున్నారు.

నేను ఆమెకు రంగుల పట్టీలు చూపించి, సీసాలు సర్దే ముందు ఒక గంట సమయం ఇవ్వమని అడిగాను. ఆమె గడియారం చూసుకొని సరేనన్నారు. నర్సింలుకు ఏమీ వివరించలేదు.

"నర్సింలూ, అక్టోబర్ల ఎట్ల చేసిండ్రో గట్లనే మొత్తం చెయ్యుండ్రి. మాకు ఏం చెప్పకుండ్రి, మేం ఏం అడగం," అన్నాను.

"కొత్త మేడమ్‌కు సూపెట్టాల్నా? సరే," అన్నారాయన.

ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం. ఆయన చేతుల పని చూడముచ్చటగా ఉంటుంది. తొమ్మిది జార్లు వరసగా పెట్టారు. మొదటి సీసా తీసి, కొంచెం ద్రవం మొదటి జార్‌లో పోసి, జార్‌ను అడ్డంగా పట్టుకొని గోడలన్నీ తడిసేలా గుండ్రంగా తిప్పి, ఆ ద్రవాన్ని పారబోశారు. ఇంకోసారి అలాగే చేశారు. తరవాతే గీత వరకు నింపారు. రెండో జార్‌ను రెండో సీసా ద్రవంతో. మూడోదాన్ని మూడో దానితో. జార్‌లో కడిగిన నీటిచుక్కలు మిగిలితే నమూనా పలచబడుతుంది కాబట్టి నమూనాతోనే కడగడం మంచి పద్ధతి. ఆయన ఎనిమిదో జార్ నింపారు. ఎనిమిదో సీసాను కింద పెట్టలేదు. అదే సీసాలోంచి కొంచెం తొమ్మిదో జార్‌లో పోసి, రెండుసార్లు గుండ్రంగా తిప్పి, పారబోసి, ఆ తరవాత దానిలో కొత్త సముద్రజలం నింపారు.

సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"అయిపోయింది మేడమ్," అన్నారు నర్సింలు.

అంబిక గారు హిందీలో అడిగారు, ఆఖరిదాన్ని ఆ సీసాతో ఎందుకు కడిగారని. ఆయన తన బోధన్ ఉర్దూలో జవాబిచ్చారు. మిల్లులో రసం చిక్కదనం కొలిచే జార్‌ను రసంతోనే రెండుసార్లు కడగాలి. నీళ్లతో కడిగి అలాగే నింపితే రీడింగ్ తప్పు వస్తుంది. చేరిన మొదటి వారంలో కెమిస్టు చెయ్యి మీద స్కేలుతో కొట్టి నేర్పాడు. అప్పటినుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు.

"గది సరే కాకా," అంది సుజాత. "తొమ్మిదోది ఖాళీది గదా. దాన్నెందుకు కడిగినవ్ గా సీసతోని?"

నర్సింలు ఆమె వైపు వింతగా చూశారు. "గదేంది బిడ్డా? అన్నిటికి ఏం చేస్తమో ఖాళీదానికి గదే చెయ్యాలని మేడమే రాసి గోడకు అంటిచ్చింది. అన్నిటిని సీస నీళ్లతోని కడిగి దీన్నొక్కదాన్ని ఇడిసిపెడితె, దీనికి ఏరే ఇంటి మర్యాద చేసినట్టు గాదా?"

ఆ మాట అన్నాక మా ముఖాలు చూసి ఆయనకు ఏదో అర్థమైంది. తొడుగులు నెమ్మదిగా తీసి బల్ల మీద పెట్టారు. పసుపు చేతులు బయటపడ్డాయి. మూలనున్న నీలం పెట్టె వైపు చూశారు.

"నా చేతులకెళ్లి అయిందా మేడమ్? సీసలు గందుకే పోతున్నయా?"

జవాబుగా నేను గోడ మీది కాగితాన్ని తీసి అంబిక గారికి ఇచ్చాను. నా చేతిరాత, నా సంతకం. "ఖాళీ నమూనాకు మిగతా నమూనాలకు జరిగినదంతా జరగాలి. ఏ మినహాయింపూ లేదు." ఇంగ్లీషులో అర్థం చెప్పాను. తరవాత సెప్టెంబరు డైరీ తెరిచి ఇంకో పేజీ చదివాను. ఆదివారం రాత్రి వరకు దాన్ని నేను మరిచిపోయే ఉన్నాను. "నర్సింలు జార్‌ను నమూనాతోనే రెండుసార్లు కడిగి నింపుతున్నారు. మంచి అలవాటు. ఇకపై ప్రతి జార్‌కూ ఇదే పాటించాలని చెప్పాను." ప్రతి జార్‌కూ అన్నది నేనే. తొమ్మిదోదాని సంగతి నాకు తట్టలేదు. ఆయన నా రెండు ఆదేశాలనూ ఒక్క అక్షరం పోకుండా పాటించారు. తప్పు నాదని, ఫైలులో అలాగే రాసుకోమని అంబిక గారికి చెప్పాను. ఆమెకు చెప్పినదాన్నే నర్సింలుకు మన భాషలో మళ్లీ చెప్పాను.

అంబిక గారు ఆ కాగితాన్ని నాకు తిరిగిచ్చారు. తన ల్యాబు గోడ మీద కూడా ఇదే వాక్యం ఉందని, ఇరవై ఏళ్లుగా ఎవరూ దాన్ని ఇంత నిజాయితీగా పాటించలేదని అన్నారు. అప్పుడు మొదటిసారి నవ్వారు.

ఆ తరవాత ఆమె అన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. రంగుల పట్టీలు మళ్లీ దగ్గరికి తీసుకున్నారు. తొమ్మిదోదానిలో ఎనిమిదో సీసాకు చెందనిది ఏమైనా ఉందేమో రకం రకంగా వెతికారు. మనిషి చర్మం మీది బ్యాక్టీరియా లేదు. మట్టిది లేదు. చెరకు గడలోనిది, నేను పాతికేళ్లు అదే గదిలో పెంచినది, ఒక్కటి కూడా లేదు. రెండుసార్లు తిప్పి పారబోసిన జార్‌లో మిగిలిన తడి ఎంత? ఆ కాస్త తడిలోని సహచరులు సరైన పాళ్లలో కనిపించారంటే, గదిలో ఏ మురికి ఉన్నా అది కూడా కనిపించి తీరాలి. కనిపించలేదు. శుభ్రంగా లేదనుకున్న జార్ మా గది శుభ్రతకు సాక్ష్యంగా నిలిచింది. ఈ మాట నేను అనలేదు. సందేహం రాసిన మనిషే అన్నారు.

అయినా నియమం నియమమే. ఊహతో ఖాళీ నమూనా పాస్ కాదు. మొత్తం పని మళ్లీ చేయాలన్నారు. ఈసారి మూడు ఖాళీ నమూనాలు. ఒకటి నర్సింలు పద్ధతిలో ఎనిమిదో సీసాతో కడిగినది. రెండోది కొత్త సముద్రజలంతోనే కడిగినది. మూడోది అసలు కడగకుండా నేరుగా నింపినది. మా లెక్క సరైతే మొదటిదానిలో డీఎన్ఏ కనిపించాలి, మిగతా రెండింటిలో కనిపించకూడదు. ఆ రెండింటిలో ఏ ఒక్కదానిలో కనిపించినా పెట్టె నింపుతానని ముందే చెప్పారు. సాయంత్రం రైలు టికెట్ రద్దు చేసుకున్నారు.

ఇంకో షరతు పెట్టారు. జార్లన్నీ నర్సింలే నింపాలి. సుజాత నింపితే సుజాత చేతుల శుభ్రత తెలుస్తుంది, అంతే.

నర్సింలు వెంటనే ఒప్పుకోలేదు. తన చేతులకు ఇప్పుడు గుండెదడ ఉందన్నారు. సుజాత కొత్త తొడుగుల ప్యాకెట్ చింపి ఆయన ముందు పెట్టింది.

"చందూర్ల పసుపు కాగులకాడ లేని దడ ఇక్కడెందుకొచ్చింది కాకా?"

"ఆడ తప్పైతె పసుపు ఖరాబైతది. ఈడ తప్పైతె నీ సదువు ఖరాబైతది," అన్నారు. అని తొడుగులు వేసుకున్నారు.

పదకొండున్నరకు మొదలుపెట్టి ఒంటిగంటన్నరకు వడపోత ముగించాం. మధ్యాహ్నమంతా సుజాత డీఎన్ఏ తీసింది. ఐదున్నరకు ప్రతులు తీసే యంత్రంలో పదకొండు గొట్టాలు పెట్టాం. అది మూడు గంటల్లో పని ముగించి, తెల్లారేదాకా నాలుగు డిగ్రీల చల్లదనంలో వాటిని ఉంచుతుంది. యంత్రం మూతకు అంబిక గారు తన సంతకంతో ఒక కాగితపు ముద్ర అంటించారు. నేను దాని కింద సంతకం చేశాను. నర్సింలును కూడా చేయమన్నాను. ల్యాబు కాగితాల మీద ఆయన అంతకుముందు హాజరు పట్టీలో తప్ప సంతకం చేయలేదు.

ఆదేశాల గురించి నేను నేర్చుకున్నది ఇక్కడే రాస్తాను. నియమం రాసేటప్పుడు దాని వెనకున్న కారణం కూడా రాయాలి. ఖాళీ నమూనా దేన్ని పట్టుకోవడానికి ఉందో ఆ కాగితం మీద ఒక్క వాక్యం ఉంటే, ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి ఆ జార్ దగ్గర తనంతట తానే ఆగేవారు. ఇంకొకటి. రాసిన నియమాన్ని రాసినవాళ్లు పక్కన నిలబడి మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి చేయించి చూడాలి. ఆ ఒక్కసారి నేను చూడలేదు. లేబుళ్లు రాస్తూ కూర్చున్నాను. నా లేబుళ్లు ఎప్పుడూ తప్పు పోలేదు, కాని ఆ రోజు తప్పు జరిగింది లేబుళ్ల దగ్గర కాదు.

ఆ విడత డీఎన్ఏ తరవాత హైదరాబాద్ వెళ్లి చదివించుకొని వచ్చింది. ప్రాజెక్టు తుది నివేదికలో నిజామాబాద్‌కు ఒక వరుస ఉంది. అందులో ఎనిమిది గడులూ నిండి ఉన్నాయి. సుజాత పీహెచ్‌డీలో చేరింది. నేను అనుకున్న తేదీకి రిటైరయ్యాను.

ముద్ర వేసిన యంత్రం దగ్గరికి మళ్లీ వస్తాను. మరుసటి రోజు, జనవరి 22, మంగళవారం. ఎనిమిదిన్నరకు నలుగురం ల్యాబులో ఉన్నాం. ముద్ర చెక్కుచెదరలేదు. సుజాత పదకొండు గొట్టాల్లోంచి కొంచెం కొంచెం తీసి జెల్ పలకలోని గుంటల్లో పోసింది. జెల్ అంటే జున్నులా గడ్డకట్టిన పలక. కరెంటు పెడితే డీఎన్ఏ అందులో పాకి, ఒకచోట గీతగా నిలుస్తుంది. ముప్పావుగంట తరవాత పలకను చీకటి పెట్టెలో పెట్టి, అతినీలలోహిత దీపం వేశాం.

మొదటి ఎనిమిది వరసల్లో ఎనిమిది గీతలు, నారింజ రంగులో, ఒకే ఎత్తున. తొమ్మిదిలో సన్నని గీత, వెలిసిపోయిన పెన్సిల్ గీతలా. పది, పదకొండు నల్లగా ఉన్నాయి. అంబిక గారు కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశారు. సమయం పెంచి ఫోటో తీయించారు. నల్లగానే ఉన్నాయి.

నర్సింలును పిలిచి చూడమన్నాను. ఆయన వంగి, చేతులు వెనక్కి కట్టుకొని చూశారు.

"గీ కడమ రెండిట్ల ఏం లేదు గదా మేడమ్."

"ఏం లేకుండుడే కావాల్సింది నర్సింలూ."

ఇంకాసేపు చూశారు. "ముప్పై ఏండ్లు ఉన్నదాన్ని కొలిచిన. లేనిదాన్ని కొలుసుడు గిదే మొదలు."

అంబిక గారికి హిందీలో చెప్పాను. ఆమె తన నోటు పుస్తకంలో ఆ మాట రాసుకున్నారు. తరవాత నీలం పెట్టె తెరిచి, మా షెల్ఫు మీంచి ఎనిమిదో సీసాను మాత్రం ఇప్పించమని అడిగారు. తీరంలో తమ సీసాల్లో చుట్టుపక్కల సముద్రపు బ్యాక్టీరియా చేరి, పాత కాపురస్థులెవరో తేల్చుకోలేకపోతున్నామనీ, పోల్చి చూసుకోవడానికి మా సీసా ఒకటి కావాలనీ చెప్పారు. రిజిస్టరులో "ఇచ్చినది" అన్న గడిలో నేను నిజామాబాద్ అని, "పుచ్చుకున్నది" అన్న గడిలో ఆమె తన సంస్థ పేరు రాశాం. అంతవరకు ఆ రిజిస్టరులో ఈ రెండూ తలకిందులుగా ఉండేవి.

సీసాను గూట్లో దించి, చుట్టూ మంచు ప్యాకెట్లు సర్దింది నర్సింలే. మిగిలిన ఏడు గూళ్లు ఖాళీగా ఉన్న పెట్టెను ఆటో దాకా ఆయనే మోశారు. తిరిగొచ్చి, గోడ మీద నేను కొత్తగా అంటించిన కాగితాన్ని చదివారు. కింద ఖాళీ వదిలిన చోట పెన్నుతో ఒక్క వాక్యం చేర్చి, తప్పుందేమో చూడమని నన్ను పిలిచారు. "తొమ్మిదో జార్‌కు సీస నీళ్లు సోకనియ్యొద్దు." తప్పేమీ లేదని చెప్పి, పక్కన సంతకం పెట్టమన్నాను.